గొడుగు చువ్వ చప్పుడు

దయ్యాల సంగతి ఎత్తినవాళ్లను నేను కొలతలు అడిగేవాణ్ణి. ఎంత దూరంలో కనిపించింది, ఎంత ఎత్తుంది, వెలుతురు ఎటు నుంచి పడుతోంది అని. ఎవరూ సరిగా చెప్పలేకపోయేవారు. దాంతో నా అపనమ్మకం మరింత గట్టిపడేది. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని నేను అనడం లేదు. మా ఇంట్లో జరిగిన ఒక విషయాన్ని ఏమీ కలపకుండా చెబుతున్నాను, అంతే.

మాది జనగామ. ఇల్లు కట్టుకునేవాళ్లకు స్లాబుకు ఇనుము ఎంత పడుతుంది, సిమెంటు ఎంత కావాలి అని లెక్క కట్టి చెప్పడం నా పని. కాలేజీలో నేర్చుకున్నది కాదు. చిన్న వయసులో ఇనుము దుకాణంలో పనిచేస్తూ, గీసి చెరిపి, తప్పి దిద్దుకుని నేర్చుకున్నాను. లెక్క ఎక్కడైనా తేలకపోతే నాకు అన్నం సయించదు.

మా అమ్మాయి రవళి మహబూబాబాద్‌లో హాస్టల్‌లో ఉండి నర్సింగు చదువుతోంది. తెలివైనదే. రోగులంటే దయ ఉంది. కానీ చిన్నప్పటి నుంచీ ధ్యాస నిలవదు. స్టవ్ మీద పాలు పెట్టి వాకిట్లో పిల్లితో మాట్లాడుతూ ఉండిపోయేది. అవన్నీ నవ్వుకునే విషయాలే అనుకున్నాం.

వార్డులో అది నవ్వుకునే విషయం కాలేదు. ఒక పెద్దావిడకు ఇవ్వాల్సిన మాత్రలను పక్క మంచం ఆవిడ చేతిలో పెట్టింది. వార్డు చూసుకునే సిస్టర్ వెంటనే పట్టుకుంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పరీక్షల ముందు ఒక పూట వార్డంతా తనే మందులు పంచి చూపించాలని, అప్పుడు కూడా తప్పితే ఈ చదువు మానుకోవడం మంచిదని కాలేజీవాళ్లు చెప్పి పంపించారు.

ఇంటికి వచ్చి మంచం మీద కూలబడింది. "నేను మంచిగనే చూసిన బాపు. పేరు గూడ చదివిన. మంచం కాడికి పోయేసరికి నా మనసు యాడికో పోయింది. మనిషి సచ్చిపోతే ఎట్ల?" అంది.

మొదట నాకు తోచిన మందు వేశాను. ఒక్కో మంచానికి ఒక అంకె చొప్పున వంద నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాను. రెండు రోజులు ఇంట్లో కుర్చీలు వేసి సాధన చేయించాను. అంకె గుర్తుండేది, ఏ కుర్చీ ఏ రోగిదో మరిచిపోయేది. నా భార్య సుజాత చూసి చూసి, "పిల్ల ఇనుప సలాక కాదు, లెక్కగట్టి వంచుడానికి. నడువుండ్రి డాక్టర్ దగ్గరికి" అంది.

జనగామకు వారానికోసారి ఒక మానసిక వైద్యురాలు వస్తారు. కోస్తా వైపు ఆవిడ. చాలా ప్రశ్నలు అడిగి, చిన్నప్పటి సంగతులు మా దగ్గర కనుక్కుని, ఇది ఏడీహెచ్‌డీ అన్నారు. నిర్లక్ష్యం కాదు, మెదడు పనిచేసే తీరు అని వివరించారు. మాత్రలు రాశారు. వాటితో కాలు చేయి ఆడించడం తగ్గింది. కానీ వార్డు అంటే వచ్చే భయం పోలేదు. భయం రాగానే ధ్యాస పోయేది.

అప్పుడు డాక్టరమ్మ మాత్రలకు తోడుగా హిప్నాసిస్ చేద్దామన్నారు. స్టేజీ మీద మనిషిని కోడిలా కూయించేవాళ్లను చూసిన నాకు అది నచ్చలేదు. ఆవిడ నవ్వారు. "అమ్మాయి నిద్రపోదండీ. అన్నీ వినిపిస్తుంటాయి. ఇష్టం లేకపోతే కళ్లు తెరుస్తుంది. అందరికీ పనిచేస్తుందని నేను మాటివ్వను. మీరు ఇక్కడే కూర్చుని చూడండి" అన్నారు. కూర్చున్నాను. అందువల్లనే ఇదంతా చెప్పగలుగుతున్నాను.

పగటిపూట. కిటికీ తెరిచే ఉంది. బయట ఆటోల చప్పుడు. రవళి కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. డాక్టరమ్మ మెల్లగా మాట్లాడుతూ ఊపిరి మీద ధ్యాస పెట్టించారు. తర్వాత, "నీకు హాయిగా ఉండే ఒక చోటుకు వెళ్లు. ఏ చోటో నేను చెప్పను. నువ్వే చూసి చెప్పు" అన్నారు.

ఏ జలపాతమో చెబుతుందనుకున్నాను. రవళి చెప్పింది ఇది.

"మట్టిగోడల అర్ర. పైన గూన పెంకలు. నడుమ ఒక్క పెంక అద్దంది, అండ్ల నుంచి ఎండ పడుతుంది. నేను కింద కూసున్న. ముందట మేకులున్నయి, సగం చందమామ లెక్క. ఇటు ఒక్కటే మేకుంది. దారం పట్టుకుని అటు ఇటు తిప్పుతున్న."

అది ఆసు. చీర నేసే ముందు, ముడులు కట్టి రంగు అద్దే చిటికి డిజైను కోసం దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ పోసే చెక్క చట్రం. కొడకండ్లలో మా అమ్మ జీవితమంతా దాని ముందు కూర్చుని గడిపింది.

రవళి ఇంకో మాట చెప్పింది. "నడుమల ఒకటి టంగుమంటది. నా మనసు యాడికన్న పోతే అది మోగుతది. నన్ను పిలిచినట్టయితది. మల్ల వస్త."

డాక్టరమ్మ చప్పుడు గురించి ఏమీ సూచించలేదు. ఆ చప్పుడును వెంట ఉంచుకోమని మాత్రం చెప్పి, మెల్లగా కళ్లు తెరిపించారు. బయటికి వస్తూ రవళి ఎడమ భుజం రుద్దుకుంది. కుర్చీలో వాలి కూర్చోవడం వల్ల అనుకున్నాను.

మా అమ్మ రవళి పుట్టకముందే పోయింది. ఇల్లు అంతకంటే ముందే రోడ్డు వెడల్పులో పోయింది. ఆ ఇంటి ఫొటో ఒక్కటి కూడా లేదు. నానమ్మ చేనేత పని చేసేదని తప్ప నేను రవళికి చెప్పింది లేదు. ఈ మాట డాక్టరమ్మతో అంటే, "ఎక్కడో వీడియోలో చూసి ఉంటుంది. మనసు దాచిపెట్టుకుంటుంది" అన్నారు. సబబుగానే అనిపించింది. పెంకుటిళ్లు ఎన్నో ఉంటాయి. అద్దం పెంకులూ ఉంటాయి. మధ్యలో మోగే మేకు మాత్రం మా ఆసుకు లేదు. నాకు బాగా తెలుసు. కాబట్టి అది కల్పనే అని తేల్చుకుని నిమ్మళంగా ఉన్నాను.

డాక్టరమ్మ మాటలను ఫోన్లో రికార్డు చేసుకుని, రవళి రోజూ విని సాధన చేసింది. కొన్నాళ్లకు మా అక్కను చూడడానికి భూపాలపల్లి వెళ్లాం. బావది బొగ్గుగనిలో పని. అక్క వంటింట్లో చిక్కుడుకాయలు గిల్లుతూ మేనకోడలిని పలకరించింది.

"నిన్నేదో మత్తులకు పంపిండ్రంట గదనే."

"మత్తు కాదత్తమ్మా, కళ్లు మూసుకుని కూసునుడే" అని రవళి నవ్వుతూ ఆ గది గురించి, మేకుల గురించి, చప్పుడు గురించి చెప్పింది.

అక్క చేతులు ఆగిపోయాయి. నా వైపు చూసింది. "గొడుగు చువ్వ సంగతి నువ్వు చెప్పినవా తమ్మీ?"

"ఏ గొడుగు చువ్వ?" అన్నాను.

"ఊరంత ఇండ్లకు సలాకలు లెక్కగడుతవు, మనింట్ల సలాక నీకు ఎరుక లేదు" అంది అక్క. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "నువ్వు జనగామల ఇనుము దుకాణానికి పోయినంక నడిమి మేకు ఇరిగింది. బాపు పాత గొడుగు చువ్వ కోసి కొట్టిండు. దారం తాకినప్పుడల్లా మోగుతుండె. అమ్మకు ధ్యాస నిలువకపోతుండె, పోగులు తప్పుతుండె, ఎన్ని తిట్లు పడ్డదో. గా చువ్వ పెట్టినంక తప్పలే. బాపు కొత్త మేకు తెచ్చినా తీయనియ్యలే. గిది నన్ను పిలుస్తది అంటుండె."

నేను అప్పట్లో పండుగలకే ఇంటికి వెళ్లేవాణ్ణి. ఆ రోజుల్లో పని ఉండదు. ఆసును గోడకు ఆనించి పాత చీర కప్పేవారు. చువ్వను చూసే అవకాశం నాకు రాలేదు. అమ్మ, బాపు లేరు. తెలిసింది అక్క ఒక్కదానికే. పిల్లకు చెప్పావా అని అడిగాను. "నాకే యాదిలేదు, ఇప్పుడు యాదికొచ్చింది" అంది. తర్వాత రవళిని అడిగింది. "ఏ చేత్తోటి పోస్తున్నవే?"

రవళి ఆలోచించి ఎడమ చేయి ఎత్తింది. రవళిది కుడిచేతి వాటం. మా అమ్మది ఎడమ. పని నుంచి లేస్తూ అమ్మ రుద్దుకునేదీ ఆ భుజమే.

ఇంటికి వచ్చాక నాకు అన్నం సయించలేదు. నా పాత గొడుగు నుంచి ఒక చువ్వ తీసి, చెక్కలో బిగించాను. ఎంత పైకి ఉంచితే అంత లావుగా మోగుతుంది, లోపలికి దించితే సన్నబడుతుంది. అక్క కంటి పరీక్షకు జనగామ వచ్చినప్పుడు రవళి హాస్టల్‌లో ఉంది. చువ్వను కొంచెం కొంచెం జరుపుతూ మీటాను. ఒక చోట అక్క చేయి ఎత్తి, "గిదే" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అక్కడ చెక్క అంచు దగ్గర చువ్వ మీద సన్నగా గీత గీసి, చువ్వను పైకి లాగేశాను. దీని గురించి రవళికి చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నాను.

తర్వాత రవళి ఇంటికి వచ్చినప్పుడు తనను పక్క గదిలో కూర్చోబెట్టి, చువ్వ కనిపించకుండా మీటాను. గీత నాకు కూడా కనిపించకుండా కళ్లకు తువ్వాలు కట్టుకున్నాను.

"ఇంక జర లోపటికి కొట్టు బాపు" అంది. దించాను. "ఎక్కువైంది. ఎనుకకు తియ్యి." తీశాను. "ఆఁ, గదే."

చువ్వను అక్కడే ఉంచి తువ్వాలు విప్పాను. పాత గీత సరిగ్గా చెక్క అంచు దగ్గరే ఉంది. టేపు పెట్టి కొలవాల్సిన తేడా కూడా లేదు. నేను సుజాతను పిలిచి చూపించాను. ఆమె చూసి, "ఇగ కొలువకు" అంది.

వార్డు పరీక్ష రోజు మధ్యాహ్నం రవళి ఫోన్ చేసింది. ఒక్క మాత్ర తప్పలేదు. "మనసు రెండుసార్లు పోయింది బాపు. రెండుసార్లు మోగింది. ఏం ఇంటున్నవ్ ఆగి ఆగి అని సిస్టర్ అడిగింది. ఏం లేదు సిస్టర్ అన్న." తర్వాత ఏడ్చింది. ఆ పూట వార్డులో ఉన్న ప్రతి మనిషికీ ఎవరి మందు వాళ్లకే అందింది.

డాక్టరమ్మకు నేను రుణపడి ఉన్నాను. మాత్రలకూ, ఆవిడ ఓపికకూ, మా పిల్ల పట్టుదలకూ ఇందులో ఎంతెంత వాటా ఉందో కొంతవరకు చెప్పగలను. ఆ గీత దగ్గరికి వచ్చేసరికి నా లెక్క ఆగిపోతుంది. కాకతాళీయం అని రాసుకుని మూసేయడానికి ఎన్నోసార్లు ప్రయత్నించాను. చేయి రాలేదు.

చువ్వ తీసిన గొడుగును బాగు చేయించలేదు. వానలో ఒక పక్కకు వాలి నా ఎడమ భుజం తడుస్తుంది. కొత్త గొడుగు కొనుక్కోమని సుజాత తిడుతుంది. తడవనీ అంటాను.