బైండింగుకు పోయిన రెండో సంపుటం

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇది రాయడానికి కూర్చున్న ఈ పూట కూడా లేదనే అంటాను. మదనపల్లెలో నాది మోటార్లకు వైండింగ్ చుట్టే అంగడి. కాలిపోయిన మోటారు తెచ్చి బల్ల మీద పెడితే, విప్పి చూసి ఎందుకు కాలిందో చెప్తాను. కారణం లేకుండా ఏదీ కాలదు. నా బుర్ర అంతవరకే పనిచేస్తుంది.

దయ్యాల మీదే కాదు, స్టాంపుల మీద కూడా నాకు నమ్మకం లేదు. ఆ పిచ్చి మా అన్న మునిరత్నానిది. ఆయన హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. మామూలు స్టాంపులు కూడా కావు, ఓడల్లో పోస్టు చేసిన పాత కవర్లు పోగేసేవాడు. వెనకటికి పెద్ద ఓడల్లో పోస్టు డబ్బా ఉండేదట. అందులో వేసిన ఉత్తరాలకు వేరే రకం ముద్రలు పడేవట. ఏ ముద్ర ఏ ఓడదో పోల్చుకోవడానికి పుస్తకాలున్నాయి గానీ అవి దొరకవు. సముద్రాన్ని జన్మలో ఒక్కసారి చూసిన మనిషికి ఈ గోల ఏమిటని వదినా నేనూ ఎగతాళి చేసేవాళ్లం.

తొంభైల్లో ఇలాంటి పిచ్చి ఉన్న పదిమంది ఆదివారాలు మదనపల్లెలో ఒక బడి హాల్లో కలిసేవాళ్లు. వాళ్లందరికీ పెద్ద పుంగనూరు గంగులప్ప. భూములున్న మనిషి. తెల్ల పంచె, చేతిలో నశ్యం డబ్బీ. ఓడ ముద్రల మీద అచ్చయిన రెండు సంపుటాల ఇంగ్లీషు పుస్తకం మా చుట్టుపక్కల ఆయన ఒక్కడి దగ్గరే ఉండేది. దాన్ని ఎవర్నీ తాకనిచ్చేవాడు కాదు. చూడాలనుకున్నవాడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడాలి. స్టాంపులు పట్టుకునే చిన్న చిమటాతో ఆయనే పేజీలు తిప్పేవాడు. ఉద్యోగాలు చేసే పెద్దమనుషులు కూడా ఆయన ముందు బడిపిల్లల్లా నిలబడేవాళ్లు.

ఒక ఆదివారం అన్న తన కవర్లలో అన్నిటికన్నా మంచిదాన్ని తీసుకెళ్లాడు. మద్రాసులో పాతసామాన్ల అంగట్లో దొరికింది. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో నల్లటి ముద్ర, మధ్యలో లంగరు బొమ్మ. తోడు రమ్మంటే నేనూ పోయాను. గంగులప్ప మొదటి సంపుటం తెరిచి, చిమటాతో తిప్పి తిప్పి, చివరికి తలెత్తాడు.

"ఇట్లాంటి ముద్ర యాడా లేదే. డ్రాయింగు మాస్టరు కదప్పా, ఇంట్లో కూర్సోని బాగా గీసినాడు."

హాలంతా నవ్వింది. అన్న చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాడు.

"రెండో పుస్తకంలో ఉంటాదేమో సూడండయ్యా."

"అది బైండింగుకు పోయిండాది" అన్నాడు గంగులప్ప, నశ్యం పీలుస్తూ.

అన్న లెక్కల మాస్టరయి ఉంటే ఆ మాట ఎవరూ నమ్మేవాళ్లు కాదు. డ్రాయింగు మాస్టరు కాబట్టి అందరూ నమ్మారు. బడిలో పిల్లలు బోర్డు మీద కోడిగుడ్డు ముద్రలు గీసిపెట్టేవాళ్లు. తోటి మాస్టర్లు టీ తాగుతూ, మాకూ ఒక స్టాంపు గీసియ్యమని అడిగేవాళ్లు. అన్న ఆదివారాలు మానేశాడు.

ఆ రెండో సంపుటం కోసం ఆయన పడిన తిప్పలు నేను చూశాను. మద్రాసు, బెంగుళూరు పుస్తకాల అంగళ్లకు ఉత్తరాలు రాశాడు. అచ్చు ఆగిపోయి చాలా ఏళ్లయిందని జవాబులొచ్చాయి. సెలవుల్లో పుంగనూరు పోయి గంగులప్ప వసారాలో నిలబడేవాడు. ప్రతిసారీ అదే మాట. బైండింగులో ఉండాది. ఏళ్ల తరబడి అయ్యే బైండింగు ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. పోవద్దని తిట్టేవాడిని. పోయేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక గంగులప్ప చనిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే అన్నకు లివరు చెడింది. తాగుడు లేదు, ఏ అలవాటూ లేదు. డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అన్నం ముద్ద వదినే పెట్టాలి, చెయ్యి లేచేది కాదు. ఒకరోజు నన్ను పిలిచి, "ఆ బొమ్మొకటి సూస్తే సాలు రా. నేను గీయలేదని మీకందరికీ తెలిసినాక పోతాను" అన్నాడు.

మర్నాడే పుంగనూరు పోయాను. గంగులప్ప కోడలు గడపలో నిలబడే మాట్లాడింది.

"మా మామ అబద్దం సెప్పలేదప్పా. అది కుప్పంలో బైండింగు అంగట్లోనే ఉండాది. పని అయిపోయినా ఆడనే పెట్టుకోమన్నాడు. ఆ డ్రాయింగు మాస్టరుకు అందగూడదని. నువ్వు తీసకపో, మాకెందుకు."

నాకు ఒళ్లు మండింది. చచ్చినవాణ్ని తిట్టకూడదంటారు గానీ, బస్టాండు దాకా తిట్టుకుంటూనే నడిచాను.

రాత్రికి కుప్పం చేరి, పొద్దున్నే అంగడి తెరిపించాను. బైండింగు ఆర్ముగం పెద్దవాడు. బీరువా పైనుంచి పుస్తకం దించి దుమ్ము దులిపాడు. ఇద్దరం కలిసే తెరిచాం. నూట పన్నెండో పేజీలో ఉంది. కోడిగుడ్డు ఆకారం, మధ్యలో లంగరు, కింద ఓడ పేరు. జేబులోంచి అన్న కవరు జిరాక్సు తీసి పక్కన పెట్టాను. "రెండూ ఒకటే కదప్పా" అన్నాడు ఆర్ముగం. పేజీ అంచున గోధుమరంగు బొటనవేలి ముద్ర ఉంది. వాసన చూస్తే నశ్యం. ఎప్పుడూ చిమటా వాడే మనిషి ఆ ఒక్క పేజీని చేత్తో పట్టుకున్నాడు. అంటే చూశాడు. అన్న కవరు అసలుదని తెలిసే హాల్లో అందరినీ నవ్వించాడు.

ఆ పేజీ జిరాక్సు తీయిద్దామంటే కుప్పంలో కరెంటు లేదు. పుస్తకమే చేతిలో ఉంది కదా అని బస్సెక్కాను.

సంచి నా ఒళ్లోనే ఉంది. ఎక్కడా దిగలేదు, తెరవలేదు. పలమనేరు దాటాక బస్సు నిండిపోయి జనం నిలబడ్డారు. నా పక్క సీటు మాత్రం ఖాళీగానే ఉంది. పుంగనూరులో గంపతో ఎక్కిన ఒకామె వచ్చి నిలబడి, "పెద్దాయన యాడ దిగతాడప్పా?" అని అడిగింది. ఎవరి గురించి అడుగుతోందో అర్థంకాక మదనపల్లె అన్నాను. ఆమె వెనక్కి పోయింది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం. అన్నను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి ఉన్నారు. "దొరికింది, బొమ్మ ఉంది, నా కళ్లతో చూశాను" అని అరుస్తూ పుస్తకం ఒళ్లో పెట్టాను. అన్న నవ్వాడు. ఏళ్ల తర్వాత చూశాను ఆ నవ్వు. ఆ తర్వాత, ముద్ద ఎత్తుకోలేని మనిషి, రెండు చేతులూ మెల్లగా వెనక్కి పెట్టుకున్నాడు. నా భుజం మీదుగా చూస్తున్నాడు, పేజీ తిప్పేవాళ్ల కోసం ఎదురుచూస్తున్నట్టు.

అప్పుడే వంటింట్లోంచి వదిన కేకేసింది.

"ఎవురొచ్చినారప్పా? నశ్యం వాసన వస్తాండాది."

మా ఇంట్లో నశ్యం పీల్చేవాళ్లు లేరు.

నేనే తెరిచాను. నూట పదో పేజీ తర్వాత నూట పదమూడు వచ్చింది. మళ్లీ తిప్పాను. వెనకనుంచి తిప్పాను. చింపిన గుర్తు లేదు, ఊడిన దారం లేదు. ఆ కాగితం ఎప్పుడూ లేనట్టే ఉంది. పొద్దున చూశానని, ఆర్ముగం కూడా చూశాడని, ఒట్టేసి చెప్పాను. చెప్తుంటే నాకే అది అబద్ధంలా వినిపించింది.

అన్న తల తిప్పి నన్ను చూశాడు. కోపం లేదు, జాలిగా చూశాడు.

"నువ్వు గూడా నేనే గీసినాననుకుంటివి కదరా. యాల రా ఈ అబద్దం?"

గోడవైపు తిరిగాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఆ వారంలోనే పోయాడు. చివరిదాకా వదినతో మాట్లాడాడు, పాలబ్బాయితో మాట్లాడాడు. నాతో మాట్లాడలేదు.

దినాల రోజు ఆదివారాల హాలువాళ్లు నలుగురు వచ్చారు. ఆరోజు నవ్వినవాళ్లే. అలమరలో పుస్తకం చూసి ఒకాయన తీసి తిప్పాడు. "ఇదిగో ఉండాదే, మాస్టరు ముద్ర" అన్నాడు. పోయి చూశాను. నూట పన్నెండో పేజీ. లంగరు, ఓడ పేరు, అన్నీ ఉన్నాయి. "పాపం, నిజమే సెప్పినాడు" అని తలలూపి, భోజనం చేసి వెళ్లిపోయారు.

తర్వాత పుస్తకం కుప్పం తీసుకెళ్లాను. ఆర్ముగం కుట్టు మొత్తం పరిశీలించాడు. అది తను ఎన్నో ఏళ్ల కింద కుట్టిన దారమే అన్నాడు. ఒక కాగితం తీస్తే దాని జత కాగితం కూడా ఊడుతుందని, ఆ దారం విప్పకుండా తియ్యలేరని, మళ్లీ పెట్టలేరని చూపించాడు. జరిగింది చెప్పాను. ఆయన పుస్తకాన్ని నావైపు నెట్టేసి చేతులు కడుక్కున్నాడు.

ఆరోజు నా కళ్లే మోసం చేశాయంటారా? మరి అన్న కళ్లు? వదినకు వచ్చిన వాసన? గంపామె? ఒక్కోదానికి ఒక్కో కారణం చెప్పుకోగలను. అన్నిటికీ కలిపి ఒకటి చెప్పుకోలేకపోతున్నాను. కాలిన మోటారు సంగతి వేరే, విప్పితే తెలుస్తుంది. దీన్ని ఎన్నిసార్లు విప్పినా తెలియడం లేదు. ఆ పేజీ మా అన్న చూడాల్సిన ఆ ఒక్క పూట ఎక్కడికి పోయింది?

పుస్తకం ఇప్పుడూ నా అంగట్లోనే ఉంది. పేజీ ఉంది. అంచున వేలిముద్రలున్నాయి. కుప్పంలో చూసినప్పుడు ఒకటే ఉండేది, ఇప్పుడు రెండున్నాయి, రెండూ నశ్యం రంగే. అప్పుడప్పుడూ తెరుస్తుంటాను. నశ్యం వాసన వస్తే రానీ, పక్కన ఎవరైనా నిలబడి ఉంటే ఉండనీ, నేను మాత్రం చేతులు వెనక్కి కట్టుకోను. గ్రీజు చేతులతోనే తిప్పుతాను.