మూడో ఆదివారం అభ్యంతరం

కృపాదానం గారికి ఈ లోకంలో ఏ మనిషి మీదా కోపం లేదు గానీ, ప్రతి పెళ్ళి మీదా ఒక అభ్యంతరం ఉండేది.

కోవూరు దగ్గర వాళ్ళ చర్చిలో పెళ్ళి జరగాలంటే ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఫలానా అమ్మాయికీ ఫలానా అబ్బాయికీ పెళ్ళి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి, అని పాస్టరు గారు అడగాలి. మూడుసార్లూ గొడవ లేకుండా గడిస్తేనే రిజిస్టర్లో సంతకాలు, చేతికి సర్టిఫికెట్టు. పాస్టరు గారి మాట పూర్తి కాకముందే మూడో బెంచీలో కృపాదానం గారు లేచేవారు.

"ఉండాది అయ్యగారూ!"

ఒకసారి, "అబ్బాయికి ఈత రాదు. పెన్నకు నీళ్ళొస్తే అమ్మాయిని ఎట్ట దాటిస్తాడు?" అన్నారు.

"బ్రిడ్జి ఉంది గదా కృపాదానం!"

"ఐతే అభ్యంతరం లేదు," అని కూర్చున్నారు.

ప్రసంగంలో నిద్రపోయేవాళ్ళు కూడా ప్రకటనకు మేలుకునేవారు. నవ్వు రానిది ఒక్క ఫ్లోరాకే. ఆయన ఆమెకు సొంత మేనమామ మరి.

చివరికి ఆ ప్రకటన ఫ్లోరాదే అయింది. భర్త ఫ్రెడ్డీ పోయి ఐదేళ్ళు. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో కిషోర్ బాబును చేసుకుంటున్నానని చెప్పుకోవడానికే ఆమె సిగ్గుతో చితికిపోతోంది. ఫ్రెడ్డీ పెద్దమ్మ రెబెక్కమ్మ అయితే కుళాయి దగ్గర, "మొగుణ్ణి మింగింది చాలక..." అని రోజూ మొదలుపెట్టేది. ఇవన్నీ చాలవన్నట్టు మామ!

మొదటి ఆదివారం, "ఉండాది అయ్యగారూ! కిషోర్ బాబు నిద్రలో కీర్తనలు పాడతాడంట. శ్రుతి ఉండదంట," అన్నారు.

"కీర్తనలే గదా, పాడనీ."

రెండో ఆదివారం, "పెళ్ళికూతురు చేపల పులుసులో మామిడికాయ వెయ్యదు. అది సంసారం నిలిచే లక్షణమేనా?" అన్నారు.

చర్చి పగలబడి నవ్వింది. ఫ్లోరాకు ఆ బెంచీ కిందే దూరిపోవాలనిపించింది. ఇల్లు చేరేదాకా మొహం మీంచి చెంగు తీయలేదు.

శనివారం సాయంత్రం ఆయన ఇంటికి పోయింది. ఆయన ఉల్లిపాయలు వలుస్తున్నారు.

"మామా, నీకు దణ్ణం పెడతా. రేపన్నా లేవబాక. రెండో పెళ్ళని ముందే తలకాయ ఎత్తలేకుండా ఉండాను. నువ్వు నలుగుర్లో నగుబాటు చేస్తావుంటే నేనేం గావాలి?"

"నవ్వితే మంచిదే గదమ్మే."

"నాకు మంచిది గాదు!"

ఆయన చేతిలోని ఉల్లిపాయ పక్కన పెట్టారు. "సరే, లెయ్యన్లే," అన్నారు.

మూడో ఆదివారం పాస్టరు గారు ప్రకటన చదివి, అలవాటుగా మూడో బెంచీ వైపు చూశారు. కృపాదానం గారు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని బిగుసుకు కూర్చున్నారు. చర్చిలో చప్పుడు లేదు. అప్పుడు ఆడవాళ్ళ వైపు రెబెక్కమ్మ పైట సర్దుకుని, గొంతు సవరించుకుని, లేవబోయింది.

ఫ్లోరాకు అప్పుడు గుర్తొచ్చింది. పోయిన రెండు వారాలూ ఈవిడ ఇలాగే పైట సర్దుకుంది. మామ ముందు లేవడంతో, ఆ నవ్వుల్లో నోరు తెరవలేక కూలబడింది. ఆ మాటకొస్తే, ఇన్నేళ్ళలో ఈ చర్చిలో ఏ ఆడపిల్ల మీదా ఇంకొకరు నోరెత్తే సందు ఆయన ఇవ్వలేదు. అలాంటి మనిషిని నిన్న తను కసిరి వచ్చింది. ఆ సిగ్గు ముందు రెండో పెళ్ళి సిగ్గు ఏపాటిది?

"మామా, లెయ్!" అని అరిచింది.

తలలన్నీ తిరిగాయి.

"నువ్వే గదమ్మే వద్దన్నావు?"

"లెయ్ మామా, బతిమాలుకుంటా!"

అప్పటికే నవ్వులు మొదలయ్యాయి. కృపాదానం గారు హాయిగా లేచారు.

"ఉండాది అయ్యగారూ! నేను పెళ్ళికూతురికి సొంత మేనమామను. ఊరంతా శుభలేఖలు పంచింది. రెబెక్కమ్మక్కూడా ఇచ్చింది. నాకియ్యలా!"

చర్చి గొల్లుమంది. రెబెక్కమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"నిజమేనా అమ్మా?" అన్నారు పాస్టరు గారు.

నిజమే. పెళ్ళి రోజు కూడా లేచి ఏదో ఒకటి అంటాడన్న భయంతో, కావాలనే తప్పించింది. ఫ్లోరా తల వంచుకుని సంచీలోంచి ఒక శుభలేఖ తీసింది. అందరూ చూస్తుండగా నడవ దాటి వెళ్ళి, రెండు చేతులా ఆయనకిచ్చి, పక్కనే కూర్చుంది.

"ఇది మగోళ్ళ బెంచీ అమ్మే," అన్నారాయన గుసగుసగా. "నవ్వతారు."

"నవ్వనీ మామా."