పేరు తీసేసినా తెలిసిపోయే మనిషి

ఆదోనిలో కౌన్సెలింగ్ చేసే మేడమ్ ఒకావిడ తమ వృత్తివాళ్ళ కోసం ఆన్‌లైన్ పరిశోధన పత్రిక మొదలుపెట్టారు. రాసేవాళ్ళను వెతకడం ఆవిడ పని, వెబ్‌సైటు నా పని. ఎమ్మిగనూరులో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే నాకు కౌన్సెలింగ్ గురించి ఏమీ తెలియదు. రాసిందెవరో చెప్పకుండా పత్రాన్ని మరో ఇద్దరికి పంపి తప్పులు వెతికిస్తారని ఆవిడ చెప్పినప్పుడు, ఆ దాచే పద్ధతి మీద నాకు ఆసక్తి పుట్టింది.

మొదటి సంచికకు ఆవిడా ఒక పత్రం రాశారు. కొడుకు పోయాక మగ్గం మానేసిన నేతగాడు మళ్ళీ పనిలోకి ఎలా వచ్చాడన్నది విషయం. అతను ఒప్పుకున్నది ఒక్క షరతు మీద: తనెవరో ఎవరికీ తెలియకూడదు. తల సరిగా లేదని సావుకారి చెవిన పడితే నూలు ఇవ్వడట.

తీసేయవలసినవి వరసగా రాసిచ్చాను. పేరు, వయసు, ఊరు, కులం, వీధి. అవన్నీ మేడమే కొట్టేసి పత్రం నాకు పంపారు. కొడుకును ‘దగ్గరి బంధువు’ చేశాం. ఒక వాక్యం మాత్రం ఇద్దరికీ నచ్చి ఉంచేశాం: తెల్లారకముందే మొదలయ్యే అతని మగ్గం ఆగిపోయాక, ఇరుగుపొరుగుకు మెలకువ రావడం ఆలస్యమైంది.

తెలుగు సారాంశంలో ఒత్తులు సరిగా వస్తున్నాయా అని మా అమ్మ పాత ఫోనులో తెరిచి చూపించాను. ఆమె ఒత్తులు చూడలేదు.

“ఇది మన వెనక సందులో ఆయప్పది కదప్పా?”

“పేరు యాడుందమ్మా?”

“పేరెందుకు? ఆ మగ్గం సప్పుడు ఇనే కదా నేను పాలకు లేసేది! మీ మేడమ్‌కేం తెలుసు, ఆదోని మనిషి.”

నిజమే. మేడమ్ గది పక్కన పత్తి జిన్నింగు మిల్లు ఉంది. ఆ చప్పుడు ఏ ఒక్కరిదీ కాదు. వెంటనే ఫోన్ చేశాను.

“మా అమ్మ గుర్తుపట్టింది మేడమ్.”

“ఎవరని అనిందో నాకు చెప్పొద్దు,” అన్నారు ముందు.

“మగ్గం బదులు కుట్టుమిషను అని రాస్తే?”

“పరీక్ష పాసయ్యేదానికి నువ్వు నీ ప్రోగ్రాములో అంకెలు మారుస్తావాప్పా? ఆ మనిషి మళ్ళీ కూర్చున్నదే ఆ చప్పుడు కోసం. అది తీసేస్తే ఇంకేముంది దాంట్లో?”

చివరికి అతన్నే అడుగుతానన్నారు. మరుసటి రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది. “వద్దన్నాడు. తీసేయప్పా.”

సర్వర్ నుంచి ఫైలు తీసేశాను. తక్కిన పత్రాలతో సంచిక వెలువడింది. అమ్మ తన ఫోనులో వెతుక్కుంది.

“ఆ మగ్గం కత యాడ పోయిందప్పా?”

తీసేశామంటే, తన ఊహ నిజమేనని చెప్పినట్టే. అసలు అది నిజమో కాదో నాకే తెలియదు. “ఒత్తులు సరిగా రాలేదమ్మా,” అన్నాను.

“తక్కినవాటికి బాగానే వచ్చినాయే?”

ఆమె నా ముఖంలోకి చూసి ఫోను పక్కన పెట్టేసింది.

“సరేలే. నేనేమన్నా సదువుకున్నదాన్నా? ఏదో ఊర్లో ఎవురిదో మగ్గం అయ్యుంటాది.”

ఆ తర్వాత వెనక సందు మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు.