వాసన తెలియని మావయ్య, వంటింటి మొక్కలు

మా మావయ్య పోయారు. శనివారం పొద్దున నేను పామర్రులో పాఠాలు చెప్పే స్కూలుకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే ఆస్పత్రి నుంచి అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య లేరే అమ్మాయ్" అంది. ఆవిడే మళ్ళీ అంది: "గుండెల్లో నొప్పంటే హడావిడిగా ఆటో ఎక్కించాం. అప్పటికి పాలు పొయ్యి మీద ఉన్నాయి. కట్టేశానో లేదో గుర్తు రావట్లేదే. పక్కింటావిడకి ఫోన్ చేసి ఒకసారి చూడమనవా?"

ఏడవడం మానేసి పొయ్యి సంగతి అడిగిందేమిటని ఆవిణ్ని తప్పు పట్టకండి. ఆ ఇంట్లో అన్నిటికంటే ముందు పొయ్యి సంగతే చూసుకుంటారు. పక్కింటావిడ వెళ్ళి చూసి, కట్టేసే ఉందని చెప్పింది. ఆ మాట అత్తయ్యకి చేరవేశాక, అప్పుడు ఫోన్లో ఇటు నేనూ అటు ఆవిడా ఏడ్చాం.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. ఇల్లు భవానీపురంలో, పని ఆటోనగర్లో. లారీ క్యాబిన్లకీ కార్లకీ రంగులు వేసే షెడ్డు ఉండేది. కుదురన్నది ఆయన ఒంట్లో లేదు. అరికాళ్ళలో చక్రాలున్నాయని మా అమ్మ తిట్టేది. గుడిలో పాస్టరు గారు ప్రసంగం మాంచి ఊపులో చెబుతుంటే ఈయన లేచి వెళ్ళి, చప్పుడు చేస్తున్న ఫ్యాను సంగతేమిటో చూసి వచ్చేవారు. భోజనం మధ్యలో కూడా లేచేవారు. "ఒక్క ముద్ద కూర్చుని తినండీ" అని అత్తయ్య మొత్తుకునేది. ఇప్పుడు ఇది రాస్తూ నేనే అస్తమానూ లేచి వంటింట్లోకి వెళ్ళొస్తున్నాను. ఏం చూసి వస్తున్నానో నాకే తెలీదు.

ఏళ్ళ తరబడి థిన్నరూ రంగుల పొగా పీల్చీ పీల్చీ ఆయన ముక్కు పనిచేయడం మానేసింది. ముక్కుకి రుమాలు కట్టుకుంటే చాలనుకునే రోజులవి. ఇంక వాసన తెలియకపోవచ్చని డాక్టరు చెబితే ఆయన నవ్వేశారు. "మురిక్కాలవ పక్కన నడిచినా మల్లెపూల బండి పక్కన నడిచినా నాకిక ఒకటేనే. అదృష్టవంతుణ్ణి" అన్నారు నాతో. షెడ్డు వదిలేసి ఇంటిపట్టున ఉండడం మొదలయ్యాక ఆ నవ్వు పోయింది.

ఒకరోజు అత్తయ్య ప్రార్థన కూడికకి వెళ్ళింది. ఈయన కాఫీ పెట్టుకుందామని పాలు పొయ్యి మీద పెట్టి, వచ్చి హాల్లో పేపరు ముందేసుకున్నారు. పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. ఈయనకి తెలియలేదు. అత్తయ్య మెట్లు ఎక్కుతూనే కేకలు పెట్టి, లోపలికి పరిగెత్తి గ్యాసు కట్టేసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచింది. అసలే ఆవిడకి ఆయాసం. పోపు ఘాటు తగిలితేనే పొయ్యి ముందు నుంచి వరండాలోకి వచ్చి నిలబడాలి. ఆ రోజు ఇన్హేలర్ పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది. ఆ రోజే వాళ్ళని చూడ్డానికి బయల్దేరిన నేను చేరేసరికి మావయ్య ఆవిడ పక్కన నిలబడి ఉన్నారు. "నేను పక్క గదిలోనే ఉన్నానే అమ్మాయ్" అన్నారు. అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నారు.

ఆ మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఒక పద్ధతి మొదలైంది. పొద్దున్నే లేచి కాఫీ పెట్టేది ఆయనే. లైటర్ చేతిలో పట్టుకుని వంటింట్లోంచి కేకేసేవారు: "వాసనేమైనా వస్తోందా?" అత్తయ్య మంచం మీద నుంచే చెప్పేది: "రావట్లేదు, వెలిగించండి." ఆ మాట వినపడేదాకా ఆయన చెయ్యి కదిలేది కాదు. ఆవిడ గాఢనిద్రలో ఉంటే అలాగే నిలబడేవారు. కుదురు లేని మనిషి కదలకుండా నిలబడగా నేను చూసింది అక్కడొక్కచోటే.

మొక్కల గొడవ కూడా అప్పుడే మొదలైంది. వంటింట్లో మొక్కలు పెడితే ఘాటూ పొగా లాగేసుకుంటాయని నర్సరీలో ఎవరో చెప్పారట. ఇంకేముంది, స్కూటరు ముందర కాళ్ళ మధ్య కుండీలు పెట్టుకుని మోయడం మొదలుపెట్టారు. గట్టు మీద స్నేక్ ప్లాంటు, గ్రైండరు పక్కన పీస్ లిల్లీ, కిటికీ ఊచలకి స్పైడర్ ప్లాంటు, పాత హార్లిక్స్ సీసాల్లో మనీ ప్లాంటు, మూల వాము ఆకు. "వంట మనుషులకా, తోటకా?" అని అత్తయ్య విసుక్కునేది. గరిట కోసం చెయ్యి చాపితే ఆకు చేతికొచ్చేది. సీసాల్లో నీళ్ళు మార్చకపోతే దోమలు పడతాయని నేను భయపెట్టాను. ఆయన రోజూ మార్చేవారు. పని దొరికినందుకు సంతోషంగా కూడా ఉండేవారు.

కొన్నాళ్ళకి నేను వెళ్ళేసరికి ఆ ఆకులు ముఖం చూసుకోవచ్చన్నట్టు మెరుస్తున్నాయి. మావయ్య పాత బనీను గుడ్డతో ఒక్కో ఆకునీ, లారీ డోరు మీద ఎలా తిప్పుతారో అలా, గుండ్రంగా తిప్పుతూ రుద్దుతున్నారు. "ఎట్టా ఉన్నాయే? షోరూం బండిలా లేవూ?" అన్నారు. బాగానే ఉన్నాయిగానీ నాకు గుమ్మంలోనే ముక్కు మండింది. కారు పాలిష్! షెడ్డు నుంచి తెచ్చుకున్న డబ్బా. ఆకులన్నిటికీ దట్టంగా పట్టించారు.

అత్తయ్య నా చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళింది. మాట్లాడుతుంటే పిల్లికూతలు వినపడుతున్నాయి. "ఆయనకి చెప్పకే. ఎంత ముచ్చటపడి తుడుస్తున్నారో. నాలుగు రోజులు పోతే వాసన అదే పోతుంది" అంది. నేను ఆగుతానా? లోపలికెళ్ళి, "మావయ్యా, మీరు రాసిన పాలిష్ వల్లే అత్తయ్యకి ఊపిరాడట్లేదు" అని చెప్పేశాను.

ఆయన ఒక ఆకు ముక్కుకి ఆనించుకుని గట్టిగా పీల్చారు. మళ్ళీ పీల్చారు. ఏమీ తెలియలేదు. నా వైపు కాదు, అత్తయ్య వైపు చూసి అడిగారు: "ఎన్నాళ్ళ నుంచి?"

"పోనిద్దురూ."

"చెప్పొచ్చుగా!"

"మీరు బాధపడతారనీ..."

"నాకు తెలియట్లేదంటే అది లేదని కాదుగా. నువ్వు చెప్పకపోతే నాకింకెవరు చెప్తారు?"

ఆయన మధ్యాహ్నం భోజనానికి రాలేదు. కుండీలన్నీ మేడ మీదికి మోసి, సబ్బు నీళ్ళతో ఒక్కో ఆకూ కడిగారు. సగం మొక్కలు వాడిపోయాయి. మిగిలినవి తిరిగి తెచ్చేటప్పుడు కిటికీకి ఊపిరాడేలా పక్కలకి సర్దారు. ఎప్పటి నుంచో జిడ్డు పట్టి ఆగిపోయిన ఎగ్జాస్ట్ ఫ్యాను విప్పి బాగుచేశారు. నేను సైన్సు చెప్పే దాన్ని, మీకు అబద్ధం చెప్పను. నాలుగు కుండీలు వంటింటి గాలిని మార్చేయలేవు. తెరిచిన కిటికీ, తిరిగే ఫ్యాను చేసిన మేలే ఎక్కువ. ఆ సంగతి ఆయనకీ చెప్పాను. "ఉండనీవే. వాటికి వెలుతురు కావాలనేగా నేను రోజూ కిటికీ తీసేది" అన్నారు. అత్తయ్యకి పిల్లికూతలు తగ్గాయి. ఆ ఇంటి పులుసు తిన్న మాలాంటి వాళ్ళందరికీ తెలుసు, ఆవిడ మళ్ళీ పొయ్యి ముందు నిలబడి వండగలిగింది.

మావయ్యని సమాధుల తోటలో దించి వచ్చాక ఇల్లంతా జనం. ఇంటివాళ్ళని ఓదార్చే ఆదరణ కూడికకి వచ్చేవాళ్ళ కోసం వంట మొదలైంది. గట్టు ఖాళీ కావాలని ఎవరో కుండీలన్నీ తీసి మెట్ల మీద పెట్టేశారు. కిటికీ మూసి దానికి అడ్డంగా బియ్యం బస్తా నిలబెట్టారు. పోపు వేశారు. అత్తయ్య ముందు గదిలో చాప మీద కూర్చుని దగ్గుతోంది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. మెట్ల దాకా వెళ్ళడం, రావడం. ఆయనుంటే ఏం చేసేవారో నాకు తెలుసు. బస్తా జరిపి కిటికీ తెరిచాను.

మా అమ్మ అత్తయ్య భుజం మీద చెయ్యి వేసి, "ఒక్కదానివీ ఇక్కడెందుకమ్మా? మాతో పామర్రు వచ్చెయ్" అంది. అందరూ అదే మంచిదన్నారు. అత్తయ్య తల ఊపిందో లేదో తెలియలేదు. నాకు మాత్రం భయమేసింది. ఆవిడ వచ్చేస్తే ఆ వంటింటికి తాళం పడుతుంది. ఉండిపోతే ఆవిడ ఆయాసం ఎవరు చూస్తారు? రెండిట్లో ఏది కోరుకోవాలో తెలియక తిరుగుతూనే ఉన్నాను.

జనం వెళ్ళిపోయాక అత్తయ్య నెమ్మదిగా లేచి మెట్ల దాకా వచ్చింది. కుండీలని చూసి, "అవి లోపల పెట్టవే. ఎండకి మాడిపోతాయి" అంది. ఒక కుండీ తీసి నా చేతికిచ్చి, "వదిన గారికి చెప్పు, నేను ఇక్కడే ఉంటానని" అంది. నేను ఒక్కొక్కటీ తీసుకెళ్ళి ఆయన పెట్టిన చోటే పెట్టాను. గట్టు మీద ఆ కుండీల అడుగు గుండ్రాలు ఇంకా ఉన్నాయి.

మర్నాడు పొద్దున కాఫీ పెడదామని వంటింట్లోకి వెళ్ళాను. కిటికీ తీశాను. సందులోంచి పాలవాడి బండి చప్పుడు, చల్లగాలి వచ్చాయి. పాలగిన్నె పొయ్యి మీద పెట్టి లైటర్ అందుకున్నాను. అది గిన్నెకి తగిలి టక్కుమంది.

లోపలి గదిలోంచి నిద్రగొంతుతో అత్తయ్య అంది: "రావట్లేదు, వెలిగించండి."

నేను కదల్లేదు. కిటికీ ఊచల దగ్గర స్పైడర్ ప్లాంటు గాలికి ఊగుతోంది. కాసేపటికి మంచం కిర్రుమంది. ఆవిడకి గుర్తొచ్చిందని తెలిసింది. అప్పుడు నేనే, వీలైనంత గట్టిగా, ఆయన అడిగినట్టే అడిగాను.

"వాసనేమైనా వస్తోందా?"