రెండిళ్ళకు ఒకటే పెరడు

మా తమ్ముడి పెళ్ళికి ముహూర్తం పెట్టిన పంతులుగారు వారమంతా మనామాలో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తారు. శుక్రవారం మాత్రం పంచె కడతారు. బహ్రెయిన్‌లో మా వ్రతాలూ, బారసాలలూ, పెళ్ళిళ్ళూ అన్నీ ఆయన శుక్రవారాల్లోనే ఇమడాలి. ఒకరోజు ఆయన ఫోన్ చేశారు.

"అమ్మా, అబ్బాయి వైపు మూడు తరాల పేర్లూ అందాయి. అమ్మాయి వైపువి పంపలేదు. ప్రవర చదవాలి కదా! ఫలానావారి మునిమనుమరాలు, ఫలానావారి మనుమరాలు, ఫలానావారి కుమార్తె అని."

అబ్బాయి అంటే మా తమ్ముడు. యాభై నాలుగేళ్ళవాడు, నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలనూ అటూ ఇటూ సర్దుకుంటాడు. కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సైట్ ఇంజనీరు. పెళ్ళి మాటెత్తితే ఇన్నేళ్ళూ సైటుకి పారిపోయేవాడు. అమ్మాయి అంటే ఇంగ్లండు నుంచి వచ్చి, ఇక్కడ చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే టీచరమ్మ. ఆవిడకీ యాభై దాటాయి. బుదైయాలో తోటల మధ్య ఒక విల్లా వెనక రెండు గదుల్లో అద్దెకు ఉంటుంది. మా తమ్ముడి పుణ్యమా అని వరసలన్నీ నేర్చుకుని, నన్ను నోరారా 'వదినా' అని పిలుస్తుంది. ఆ ఒక్క పిలుపుకే నేను పడిపోయాను, దాచుకోవడం ఎందుకు!

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు కదా, ఆ హోదాలోనే బుదైయా వెళ్ళి పేర్లు అడిగాను.

"నాన్న పేరు తెలుసు, బర్త్ సర్టిఫికెట్‌లో ఉంది కాబట్టి," అంది. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులో, మధ్యమధ్య ఆవిడ తెలుగు ముక్కలు కలుపుతుంది. "నాకు ఊహ తెలిసేసరికే ఆయన వెళ్ళిపోయాడు. అమ్మ పోయింది. ఆ తర్వాత సర్కారువాళ్ళు చూపించిన ఇళ్ళలో పెరిగాను. తాత ఎవరో, ముత్తాత ఎవరో నాకు తెలీదు."

ఈ మాట చెబితే పంతులుగారు సులువైన దారి చూపించారు. "తెలియనప్పుడు కాశ్యప గోత్రం చెప్పి, ముగ్గురు దేవుళ్ళ పేర్లు చదివేస్తామమ్మా. ఏరు మూలం, ఋషి మూలం అడక్కూడదంటారు." నాకూ బాగానే ఉందనిపించింది. మా మరదలికి మాత్రం నచ్చలేదు.

"దేవుళ్ళ పేర్లు అరువు తెచ్చుకోను వదినా. నేను గాల్లోంచి ఊడిపడలేదు కదా! ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్ళెలాంటివాళ్ళో నేను చూడాలి." గొంతు తగ్గించి అంది. "మీ తమ్ముడికి చెప్పాను, మీకూ చెప్పాలి. ఇదివరకు రెండుసార్లు పెళ్ళిదాకా వచ్చి నేనే వెళ్ళిపోయాను. నాన్న బుద్ధే వచ్చిందేమోనని భయం. వెనకాల అందరూ వదిలేసి వెళ్ళేవాళ్ళే అయితే మీ తమ్ముణ్ణి పెళ్ళిపీటలమీద కూర్చోబెట్టి మోసం చేయలేను."

నాకు ఒళ్ళు మండింది. పెద్దవాళ్ళు చేసిన తప్పుకి పిల్ల పెళ్ళి మానుకోవడమేమిటి! కానీ ఆవిడ ముఖం చూశాక, సరే వెతుకుదాం అన్నాను. పేర్లకోసం మొదలైన పని కాస్తా మా తమ్ముడి పెళ్ళి జరుగుతుందా లేదా అన్నదానికి వచ్చింది.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం పొద్దున బుదైయాలోనే. దారిలో తోటల దగ్గర కూరలు కొనుక్కుని వెళ్ళేదాన్ని. ఆవిడ పనిచేసే పద్ధతి చూస్తే ముచ్చటేసింది. ఇంగ్లండులో పదేళ్ళకోసారి ఇంటింటికీ తిరిగి రాసిన పాత జనాభా లెక్కల పుటలు కంప్యూటర్లో చూడొచ్చట. డబ్బు కట్టి పాత బర్త్ సర్టిఫికెట్ల నకళ్ళు తెప్పించుకుంది. ఒక్క కాగితం చెప్పింది ఎప్పుడూ నమ్మేది కాదు. ఒకే పేరు, ఒకే వయసు ఉన్న మనిషి దొరికితే నేను "దొరికాడు, ఖలాస్!" అని గంతులేసేదాన్ని. ఆవిడ "ఉండండి వదినా" అని ఇంకో రెండు చోట్ల సరిచూసి, "ఈయన మనవాడు కాదు" అని తేల్చేది. చాలాసార్లు ఆవిడ మాటే నిజమైంది. పిల్లల నోటుపుస్తకాలు దిద్దిన కళ్ళు కదా, గుమాస్తాల గొలుసుకట్టు రాతలు ఆవిడ ముందు ఆటలాడలేకపోయాయి.

అలా తండ్రి నుంచి తాతకి వెళ్ళాం. తాత పుట్టింది విక్టోరియా రాణి ఏలుబడి చివరి ఏళ్ళలో, ఉత్తర ఇంగ్లండులో బట్టల మిల్లులున్న ఊళ్ళో. ఆయన బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు రాయాల్సిన చోట ఒక గీత గీసి ఉంది. తల్లి పేరు ఉంది. పెళ్ళికాని పిల్ల. వృత్తి, బట్టలుతకడం.

మన దగ్గర ఆ మాట చెప్పగానే కులం అడుగుతారు. అక్కడది కులం కాదు, ఆధారం లేని ఆడదానికి పూట గడిచే దారి. జనాభా లెక్కల్లో ఆమె ఒక సందులో ఒంటిగదిలో ఉంది, చంకలో రెండేళ్ళ పిల్లాడితో. అదే సందులో వీధి దీపాలు వెలిగించేవాడున్నాడు, గోనెసంచులు కుట్టే అక్కచెల్లెళ్ళున్నారు, మిల్లుకెళ్ళే తల్లుల పిల్లల్ని చూసుకునే ముసలమ్మ ఉంది. కూటికోసం కోటి విద్యలన్నట్టు, నడవగలిగినవాళ్ళలో ఒక్కరూ ఖాళీగా లేరు. ఆ పుట చదువుతుంటే వాళ్ళందరికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. తండ్రి లేని బిడ్డని కన్న పిల్ల, ఊరొదిలిపోకుండా, బిడ్డనొదిలిపెట్టకుండా, ఊరివాళ్ళ దుప్పట్లు ఉతికి పెంచుకుంటోంది. "మీ ముత్తవ్వ గట్టిది," అన్నాను. మా మరదలు తెరమీద ఆ పేరుమీద వేలుపెట్టి నిమిరింది.

ఆ మురిపెం మరుసటి శుక్రవారం దాకానే. పదేళ్ళ తర్వాతి లెక్కల్లో, రాణి పోయిన కొద్ది నెలలకు రాసినవాటిలో, ఆ పిల్లాడు తల్లి దగ్గర లేడు. వేరే వీధిలో రొట్టెల కొట్టువాడి ఇంట్లో ఉన్నాడు. వయసు పన్నెండు, పనివాడు అని రాసి ఉంది. తల్లికోసం పుటలు తిప్పుకుంటూ పోతే, ఎక్కడో వెనక, ఆ పాత సందులోనే, ఆ ఒంటిగదిలోనే కనబడింది. ఒక్కతే ఉంది.

మా మరదలు కంప్యూటర్ మూసేసింది. "చూశారా!" అంది. "ఎదిగేదాకా ఉంచుకుని ఎవరికో ఇచ్చేసింది. ఆ పిల్లాడి కొడుకు నన్నొదిలేశాడు. మాది అదే రక్తం." నేను ఏదో అనబోతే, "పంతులుగారిని ఆగమనండి వదినా," అని లోపలికి వెళ్ళిపోయింది. తీసుకెళ్ళిన వంకాయలు బల్లమీద అలాగే ఉండిపోయాయి.

మర్నాడు సాయంత్రం మా తమ్ముడు మా ఇంటికి అన్నానికి వచ్చాడు. మేం ఉండేది సనాబిస్‌లో. వాడికి కంపెనీ రిఫాలో గది ఇచ్చింది, మరో ముగ్గురితో కలిపి. వచ్చిన కొత్తలో ఆ గది వంట ఒకపూట తిని, ఆ సాయంత్రమే నా దగ్గరికి వచ్చేశాడు. అప్పట్నుంచి రాత్రి భోజనం నా దగ్గరే. వాడి కంచం వేరు, వాడి పచ్చడి సీసా వేరు. ఆ రోజు పప్పులో చెయ్యి పెట్టి అలా కూర్చున్నాడు.

"ఫోన్ తియ్యట్లేదే అక్కా. తీసినా, నీకు ద్రోహం చెయ్యలేనంటాది. నేనేం చెయ్యను?"

"ముందు అన్నం తిని ఏడువు," అన్నాను. నాకు దుఃఖం వస్తే తిట్టే అలవాటు.

రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. "వెళ్తానే. తెల్లారకముందే డ్యూటీ బస్సు. రిఫాలో ఎక్కాలి కదా, అక్కడ పడుకోకపోతే అందదు."

ఎన్నేళ్ళనుంచో రోజూ వినే మాట. ఆ రోజెందుకో చెవిలో గుచ్చుకుంది. వాడి సీపీఆర్‌లో, అంటే ఇక్కడి గుర్తింపు కార్డులో, అడ్రసు రిఫా. ఈ దేశంలో ఏ కాగితం తీసినా వాడుండేది రిఫాలోనే. నా కంచాలూ, నా పచ్చడి సీసాలూ ఏ కాగితంలోనూ లేవు. వందేళ్ళ తర్వాత ఎవరైనా మా ఇద్దరి కాగితాలూ చూస్తే, అక్క సనాబిస్‌లో, తమ్ముడు రిఫాలో, ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదనుకుంటారు. జనాభా లెక్కలు కూడా లెక్క తీసిన రాత్రి ఎవరు ఏ కప్పు కింద పడుకున్నారో రాసేవే కదా! మా మరదలే చెప్పింది. రొట్టెల కొట్టులో పనివాడు ఎన్నింటికి లేవాలి?

నా ఉద్యోగం మ్యాపులు గీయడం. మా సనాబిస్ దగ్గరే, ఒకప్పుడు సముద్రమున్నచోట లేచిన షాపింగ్ మాల్స్ రోడ్లు నేను గీసినవే. కాబట్టి నాకు ఒక సంగతి బాగా తెలుసు. ఇంటినెంబర్లను నమ్ముకుంటే పొరుగువాడు కూడా పరాయివాడిలా కనబడతాడు. మా బిల్డింగ్ వెనక బిల్డింగ్‌కి రోడ్డు నెంబరు వేరు, బ్లాకు నెంబరు వేరు. కారులో వెళ్ళాలంటే పెద్ద చుట్టు. కానీ నా బాల్కనీలో క్లిప్పు జారితే నా చీర వాళ్ళ వాకిట్లోనే పడుతుంది.

మర్నాడు ఆఫీసులో భోజనం మానేసి ఆ ఊరి పాత మ్యాపు వెతికాను. ఆ కాలపువాళ్ళ పనికి నమస్కారం పెట్టాలి. ప్రతి ఇల్లూ, ప్రతి గోడా, చివరికి చేతిపంపు కూడా వదలకుండా గీశారు. రొట్టెల కొట్టున్న వీధి ఉత్తరాన. తల్లి ఉన్న సందు దక్షిణపు వీధిలోంచి లోపలికి వస్తుంది. లెక్కలు రాసేవాడు ఒక వీధంతా రాసుకుని, మలుపు తిరిగి, మరో వీధి పూర్తిచేసి, ఆ తర్వాత సందులోకి వచ్చాడు. అందుకే పుస్తకంలో వాళ్ళిద్దరి మధ్యా అన్ని పుటలు. మ్యాపులో మాత్రం రొట్టెల కొట్టు పెరటి తలుపు నేరుగా ఆ సందులోకే తెరుచుకుంటుంది. రెండిళ్ళకూ ఒకటే పెరడు, ఒకటే పంపు. పెరట్లో పంపు పక్కన బట్టలుతికే కొట్టం. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని.

ఆ సాయంత్రమే ప్రింట్ తీసుకుని బుదైయా వెళ్ళాను. తలుపు తీసి, "నాకు ఓదార్పు వద్దు వదినా," అంది.

"ఓదార్పు కాదు, మ్యాపు," అని బల్లమీద పరిచాను.

ఆవిడ భూతద్దం తెచ్చుకుంది. వేలితో తల్లి గది తలుపు నుంచి పంపు దాకా, పంపు నుంచి రొట్టెల కొట్టు పెరటి తలుపు దాకా గీసుకుంటూ వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. టీచరమ్మ కదా, వెంటనే ఒప్పుకోలేదు. "ఆమె వాణ్ణి ప్రేమించిందనడానికి ఇది రుజువు కాదు."

"కాదు. వదిలేసిందనడానికీ రుజువు లేదు. తెల్లవారుజామున పనికి లేవాలి కాబట్టి అక్కడ పడుకున్నాడు. నీ కాబోయే మొగుడు రిఫాలో పడుకోవట్లేదూ? అంతమాత్రాన నేను వాణ్ణి వదిలేశానా?"

ఆవిడ భూతద్దం కింద పెట్టింది. "పదేళ్ళు," అంది. "పదేళ్ళూ అదే గదిలో ఉంది. ఆ పెరటి తలుపు కనబడే గది. ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు వదినా." అని నా భుజంమీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన ఒక బట్టలుతికే ఆవిడ కోసం అరబ్బు దేశంలో ఇద్దరాడవాళ్ళం ఏడుస్తూ కూర్చున్నాం.

కళ్ళు తుడుచుకున్నాక మొదట అడిగింది ఇదీ. "ప్రవరలో నాన్న పేరు కూడా చెప్పించండి. ఆయన వెళ్ళిపోవడం ఆయన చేసిన పని, రక్తం చేసింది కాదు. ఆమెకి మనవడే కదా!"

ఇక పంతులుగారు. తండ్రి సరే, తాత సరే, ముత్తాత చోట ఒక ఆడమనిషి పేరు చూసి ఫోన్‌లో నిట్టూర్చారు. "అమ్మా, శాస్త్రం..." అన్నారో లేదో నేను అందుకున్నాను. "కన్నదీ ఆవిడే, పెంచిందీ ఆవిడే. ఆ తండ్రి ఎవరో శాస్త్రానికి తెలిస్తే చెప్పమనండి, రాసుకుంటాను!"

"కోప్పడకమ్మా, కుదరదన్నానా? పెంచినవాళ్ళ పేరు చెప్పడానికే ప్రవర. సంస్కృతంలో ఆ పేరు ఎలా ఇమడాలో చూసుకోనివ్వండి, రేపు లంచ్ టైములో," అన్నారు. ఆయనమీద నాకు గౌరవం రెట్టింపయింది.

పెళ్ళి బుదైయాలోనే, ఆవిడ ఇంటి ముందు తోటలో జరిగింది. ప్రవర మూడుసార్లు చదవాలి. మొదటిసారి ఆ ఇంగ్లీషు పేరు పంతులుగారి నాలుక కింద కాస్త నలిగింది. మూడోసారికి మంత్రంలాగే పలికింది. తెర వెనక మా మరదలు పెదవులు కదుపుతూ ఆయనతోబాటే చదువుకుంది.

మా తమ్ముడికి సొంత ఇల్లు లేదు కనుక గృహప్రవేశం సనాబిస్‌లో మా ఫ్లాటులోనే పెట్టాం. నేను గడపకి అడ్డంగా నిలబడ్డాను. పేర్లు చెప్తేగానీ ఆడపడుచు లోపలికి రానివ్వదని మన ఆచారం. ముందు మా తమ్ముడి వంతు. "ఏంటే అక్కా, బిల్డింగంతా చూస్తోంది, యల్లా, త్వరగా కానీ!" అని సిగ్గుపడుతూనే పెళ్ళాం పేరు చెప్పాడు.

ఆవిడ వంతు వచ్చింది. మొగుడి పేరు చెబితే సరిపోతుందని ముందే నేర్పాను. కానీ ఆవిడ తల ఎత్తి, మొదట ఆ బట్టలుతికే ఆవిడ పేరు చెప్పింది. "ఆమె మునిమనుమరాలిని," అంది, తెలుగులో, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని. తర్వాత మా తమ్ముడి పేరు చెప్పింది. ఇంక చాలని నేను పక్కకి జరగబోతుంటే, నేను నేర్పని మాట ఇంకొకటి అంది.

"ఉండిపోవడానికి వచ్చాను వదినా."