పెనుకొండలో పలకని కారు

మా ఆయన కుడిచేయి విరిగి సిమెంటు కట్టు వేయించుకున్న నెలలోనే ధర్మవరంలో మా ఆడబిడ్డ కూతురి నిశ్చితార్థం వచ్చింది. బస్సు రద్దీలో ఆ చేతికి దెబ్బ తగులుతుందని భయం. నేను కారు నేర్చుకున్నానే గానీ హిందూపురం దాటి ఎన్నడూ నడిపింది లేదు.

"నువ్వే తోలు. పక్కన నేను ఉండాను కదా," అన్నాడాయన.

పెనుకొండ దాకా బాగానే వచ్చాము. ఆయన నన్ను ఏమీ అనలేదు గానీ, బ్రేకు లేని చోట ఆయన కాలు మాత్రం తొక్కుతూనే ఉంది. పూల అంగడి కనబడితే ఆపి దిగాను. మూరలు కొలిపించుకుని వచ్చేసరికి, తన వైపు ఎండ పడుతోందని ఆయన నా సీట్లోకి మారి కూర్చున్నాడు. నన్ను చూసి లేచి తన చోటికి పోయాడు. నేను ఎక్కి తాళం తిప్పాను.

కారు పలకలేదు. గురగుర కూడా లేదు. లైట్లు వెలిగాయి, హారన్ మోగింది. ఇంజన్ మాత్రం అసలు తననెవరూ పిలవనట్టు ఊరుకుంది. ఎన్ని సార్లు తిప్పినా అంతే.

ఎదురుగా షెడ్డులోంచి మెకానిక్ వచ్చాడు. పొడుగాటి మనిషి. నన్ను దిగమని, తాను కూర్చుని తాళం తిప్పగానే కారు లేచింది. "ఏం లేదక్కా, బాగుండాది," అని ఆపేసి దిగాడు. నేను ఎక్కి తిప్పాను. మళ్లీ చడీచప్పుడు లేదు. అతను ఎక్కితే లేచింది. నేనెక్కితే లేదు.

అతను బానెట్ ఎత్తి బ్యాటరీ వైర్లు బిగించాడు. మళ్లీ అదే తంతు. తాళం గట్టిగా తిప్పడం లేదని ఆయన నన్ను అన్నాడు. గట్టిగా తిప్పాను, మెల్లగా తిప్పాను, తీసి తుడిచి పెట్టాను. అతను చేసినదానికీ నేను చేసినదానికీ తేడా ఏమిటో నాకు అంతుపట్టలేదు. తానే స్టార్ట్ చేసి ఇస్తానన్నాడు మెకానిక్, ఆపకుండా పొమ్మన్నాడు. హైవే మీద ఆగిపోతే నాకెవరు దిక్కు? కారు అక్కడే వదిలి బస్సెక్కుదామా అనిపించింది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు గమనించాను, నా చేతులు కర్రల్లా చాపుకుని ఉన్నాయి. వీపు సీటుకు ఆనడం లేదు.

"సీటు జరిపినారా?" అని అడిగాను.

"కాళ్లు పట్టలేదని రోంత వెనక్కి జరిపినా. ఏం?"

సీటు ముందుకు లాక్కున్నాను. క్లచ్ నేలకంటా తొక్కి తాళం తిప్పాను. కారు లేచింది. క్లచ్ పూర్తిగా దిగితే తప్ప ఆ కారు పలకదని అప్పుడు తెలిసింది. నేర్పినతను తొక్కమన్నాడని ఇన్నాళ్లూ తొక్కాను, ఎందుకో ఎప్పుడూ అడగలేదు. సీటు వెనక్కి పోయాక నా కాలికి క్లచ్ సగమే దిగుతోంది. మెకానిక్ కూడా ఒక క్షణం నా కాళ్ల వైపు చూసి, మాకంటే ఎక్కువగా ఆశ్చర్యపోయాడు.

ధర్మవరం చేరేసరికి తాంబూలాలు మార్చుకోవడం అయిపోయింది. ఎందుకింత ఆలస్యమని ఆడబిడ్డ అడిగితే ఆయన నా వైపు చూశాడు. చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ముందు అన్నం పెట్టమన్నాను.