బాయిలో గురుస్వామి

ఈ బుధవారం ఉదయం ఐదూ పదికి పక్కింటివాళ్ళు కర్పూరం వెలిగించారు. పాలు పొంగకుండా చూస్తూ నిలబడ్డ నేను స్టవ్ ఆపి కిటికీ మూశాను. వాసన అప్పటికే లోపలికి వచ్చేసింది.

నా చిన్నప్పుడు గోదావరిఖని కార్మికుల కాలనీలో కార్తీకం దాటే రోజుల్లో ఈ వాసన బొగ్గుపొయ్యిల పొగలో కలిసి వచ్చేది. చలికి పొగ పైకి లేవక ఇళ్ళ మధ్యే తిరిగేది. ఆరేసిన బట్టల మీద, మూతపెట్టిన పెరుగు గిన్నె మీద తెల్లవారేసరికి నల్లటి పొడి పలచగా పేరుకునేది. నల్లా దగ్గర చీకట్లో చన్నీళ్ళు గుమ్మరించుకునే మగవాళ్ళ కేకలు విని మేము దుప్పట్లోనే నవ్వుకునేవాళ్ళం. మధ్యాహ్నం ఎవరింట్లో భిక్ష ఉంటే ఆ వాకిట్లో విస్తరాకుల కట్టలు, పులిహోర, ఉల్లిపాయ వేయని పప్పుచారు, బెల్లం పరమాన్నం, నల్లబట్టల మనుషుల బారు. మాల వేసుకున్నవాడికి ఆ నలభై ఒక్క రోజులు సొంత పేరు ఉండదు. అందరూ స్వాములే. మొదటిసారి వేసుకున్నవాడు కన్నెస్వామి. పద్దెనిమిది సార్లు కొండకు పోయి వచ్చి, ఇతరుల మెడలో మాల వేసేవాడు గురుస్వామి. గురుస్వామి మాట దాటకూడదన్నది పిల్లలమైన మాకు కూడా తెలిసిన నియమం.

నేను ఐదో తరగతిలో ఉండగా మా నాయిన కన్నెస్వామి అయ్యాడు. బొగ్గుగనిని మా దగ్గర బాయి అంటారు. బాయిలో ఆయన సర్దారు. పైకప్పు బండను కర్రతో తట్టి, చప్పుడును బట్టి మనుషులను పనిలోకి పంపడమో వెనక్కి తిప్పడమో ఆయన చేయాలి. ఆయనకు మాల వేసిన గురుస్వామి రాజమల్లు కాక మా వరుసలోనే చివరి క్వార్టర్లో ఉండేవాడు. బాయిలో మాత్రం రాజమల్లు కాక, నాయిన కింద పనిచేస్తూ పట్టాల మీద నడిచే టబ్బుల్లోకి బొగ్గు ఎత్తే ఫిల్లర్.

"మొన్నటిదాక ముక్కు చీదరాకపోవు, ఇయ్యాల స్వామివైనవా? నేను గిట్ల నీ కాళ్ళు మొక్కాలెనా?" అని నాయినను కన్నతల్లి, మా అవ్వ, రోజూ ఆటపట్టించేది. నియమం ప్రకారం ఆయన మా అమ్మను "మాతా" అని పిలిస్తే అమ్మ కొంగు నోట్లో పెట్టుకుని వంటింట్లోకి పారిపోయేది. నేను "నాయినా" అంటే పలికేవాడు కాదు. "స్వామీ" అనాలి.

ఒక సాయంత్రం మా వాకిట్లో భజన అయ్యాక అందరూ అటుకులు తింటున్నారు. అవ్వ అడిగింది.

"రాజమల్లూ, మీద నువ్వు గురువు, మావోడు శిష్యుడు. మరి బాయిల దిగినంక ఎవని మాట నడుస్తది?"

కాక పడిపడి నవ్వాడు. "గదేం మాటవ్వా! కింద నీ కొడుకే దొర. ఆగుమంటే ఆగాలె, పొమ్మంటే పోవాలె."

"మాల ఏసినంక ఒక్కనాడన్న నిన్ను ఆగుమన్నడా?"

కాక నవ్వు ఆగిపోయింది. ఆ మాట తర్వాత ఎవరూ ఎత్తకపోయినా, నాయిన షిఫ్టుకు బయలుదేరినప్పుడల్లా అమ్మ గేటు దాకా నడిచేది. భూమి లోపల పేలుళ్ళకు గూట్లో గ్లాసులు కదిలితే, అవి మళ్ళీ నిలిచేదాకా చేతిలో పని ఆపేసేది.

ఇరుముడి కట్టే రోజు నాయినకు, కాకకు ఇద్దరికీ మొదటి షిఫ్టు. సాయంత్రం పూజ కోసం అమ్మ నెయ్యి కరగబెడుతోంది, నేను కొబ్బరికాయల పీచు తీస్తున్నాను. పదకొండు కూడా కాకముందే బాయి సైరన్ మోగింది. షిఫ్టు మారే వేళలు మాకు ఆకలి తెలిసినంత బాగా తెలుసు. అది ఆ వేళ కాదు. వరుసలోని ఆడవాళ్ళంతా గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. నెయ్యి మాడిన వాసన వచ్చింది.

నాయిన మూడు గంటలకు వచ్చాడు. నల్లబట్టలు బండ దుమ్ముతో తెల్లగా ఉన్నాయి. గడప లోపలికి రాకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"బండ డొల్ల మోగిందవ్వా. కప్పు కింద కర్రలు నిలబెట్టేదాక ఆగుమందామని నోరు తెరిచిన. నాలుగు టబ్బులే స్వామీ, పూజకు యాళ్ళయితది అన్నడు. గురుస్వామి మాట ఎట్ల కాదనాలె? సరే అన్న."

నాలుగో టబ్బు నిండలేదు. రాజమల్లు కాక మీద బండ పడింది, ప్రాణం అక్కడే పోయింది.

చావు ముట్టినవాడి మెడలో మాల ఉండకూడదు; దాన్ని గురువైనా తీయాలి, కన్నతల్లైనా తీయాలి. అవ్వ లేచి వచ్చి తీసింది. నలభై రోజుల తర్వాత ఆయనను పేరు పెట్టి పిలిచింది. "కొమురయ్యా, లే బిడ్డా."

విచారణలో నాయిన తప్పు తనదేనని చెప్పాడు. మళ్ళీ డ్యూటీకి పోయిన రోజు, బాయి దిగే చోట మాల వేసుకున్నవాళ్ళను ఆపి, "ఈడికెళ్ళి కిందికి స్వామీ లేడు, గురుస్వామీ లేడు. పేరు పెట్టి పిలువుండ్రి" అన్నాడట. కొందరు కోపగించారు, ఒకరిద్దరు తిట్టారు. తర్వాత అది ఆ బాయి ఆచారమైంది. పైన స్వాములైనవాళ్ళు కింద లింగయ్య, సమ్మయ్య అయ్యేవారు.

చాలా ఏళ్ళ తర్వాత గురువు, ఆచార్యుడు, ఉపాధ్యాయుడు అనే బిరుదుల గురించి చదివాను. జైనులు ఆచార్యుడిని ఉపాధ్యాయుడి కంటే పైన ఉంచుతారు. బౌద్ధ భిక్షువుల నియమాల్లో, ఉపాధ్యాయుడు తప్పు మాట అనబోతే శిష్యుడే ఆపాలని ఉంది. అక్కడ పుస్తకం మూసేశాను. ఆ సంగతి నాయినకు చెప్పాలో వద్దో తేల్చుకోలేకపోయాను. పోయిన భాద్రపదంలో ఆయన చనిపోయాడు.

ఆ బాయి ఇప్పుడు లేదు. పైనుంచి తవ్వి ఓపెన్‌కాస్టు చేశారు. మా తమ్ముడి కొడుకు అక్కడ డంపర్ నడుపుతాడు. మొన్న మాల వేసుకుని వచ్చాడు. డ్యూటీలో మిమ్మల్ని ఏమని పిలుస్తారని అడిగాను.

"స్వామి అనే గదత్తా. మా గురుస్వామి ఆడనే బొగ్గెత్తే షవల్ మీద ఉంటడు. ఆయన రమ్మంటే బండి పెట్టుడే."

వాడికి తాత సంగతి చెప్పాను. విన్నాడు, గడియారం చూసుకున్నాడు, రెండో షిఫ్టుకు పోయాడు. మాల వేసుకున్నవాళ్ళను పనిలో పేరు పెట్టి పిలవడం అక్కడ ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.